మొదటి మాత్రకు ముందే



మానసిక వ్యాధికి మొదటిసారి మందు రాసే రోజున డాక్టరు గదిలో కొన్ని కొలతలు జరుగుతాయి. బరువు చూస్తారు, బీపీ చూస్తారు, చక్కెర పరీక్ష రాస్తారు. కొన్ని మందులకైతే ఈసీజీ కూడా తీయిస్తారు. ఆ మాత్రలతో బరువు పెరగొచ్చు, చక్కెర పెరగొచ్చు, గుండె లయ మారొచ్చు. ఆరు నెలలు పోయాక మనిషి ఎనభై కిలోలు తూగితే అది మాత్ర చలవా, మొదట్నుంచీ అంతేనా అని తేల్చడానికి పాత అంకె ఒకటి చేతిలో ఉండాలి. అంతా సబబుగానే ఉంది. కానీ అవే మాత్రలు కోరికను చల్లార్చగలవు, అంగస్తంభనను దెబ్బతీయగలవు, భావప్రాప్తిని ఆలస్యం చేయగలవు, ఒక్కోసారి అసలే రానీయవు. ఈ సంగతి మందుల పుస్తకాలన్నిటా అచ్చయి ఉన్నదే. అయినా దీనికి మాత్రం పాత అంకె కేస్‌షీట్లో ఎక్కడా కనపడదు. నా వాదం ఈ ఖాళీ గురించే. మానసిక రోగుల్లో లైంగిక సమస్యను కొలవడమంటే మందు మొదలయ్యాక వచ్చిన ఫిర్యాదులను లెక్కపెట్టుకోవడమని మనం అనుకుంటున్నాం. మొదటి మాత్ర పడకముందు ఆ మనిషి ఎలా ఉన్నాడో రాసుకుని, ఆ తర్వాత ఆ మనిషిని ఆ మనిషితోనే పోల్చి చూస్తే తప్ప దాన్ని కొలత అనడానికి వీల్లేదని నేనంటాను.

అడిగితే ఏమవుతుందో, అడక్కపోతే ఏమవుతుందో ముందు చూద్దాం. స్పెయిన్‌లో మొంతెహో, ఆయన సహచరులు 1997లో ఒక అధ్యయనం ప్రచురించారు. కుంగుబాటుకు వాడే ఎస్ఎస్ఆర్ఐ జాతి మందులు, అంటే ఫ్లుయాక్సెటిన్, సెర్ట్రలిన్, పారాక్సెటిన్ వంటివి వాడుతున్న 344 మందిని తీసుకున్నారు. తమంతట తాము లైంగిక ఇబ్బంది ఉందని చెప్పినవారు 14 శాతం. డాక్టరు నేరుగా అడిగినప్పుడు ఉందన్నవారు 58 శాతం. మనుషులు వాళ్ళే, మాత్రలు అవే. మధ్యలో వచ్చి చేరింది ఒక్క ప్రశ్న. అదే దేశంలో 2001లో 1,022 మందితో చేసిన మరింత పెద్ద అధ్యయనంలో, నేరుగా అడిగినప్పుడు 59.1 శాతం తేలింది. అడిగితేగాని నోరు విప్పనివాళ్ళు ఇంతమంది ఉన్నారంటే, వాళ్ళు ఇంటికెళ్ళి ఏం చేస్తున్నట్టు? 2003లో అమెరికాలో తీవ్ర మానసిక వ్యాధులున్నవారితో జరిగిన ఒక సర్వేలో పురుషుల్లో 41.7 శాతం, స్త్రీలలో 15.4 శాతం ఈ దుష్ఫలితాల వల్లనే ఎప్పుడో ఒకప్పుడు మందు మానేశామని ఒప్పుకున్నారు. అది చిన్న సర్వే. దాని అంకెల్ని తెచ్చి బందరుకో గుడివాడకో అతికిస్తే తప్పే. కానీ మానేసేవాడు డాక్టరుతో చెప్పి మానడన్నది ఎక్కడైనా ఒకటే. మళ్ళీ జబ్బు తిరగబెట్టి ఆసుపత్రికి తెచ్చినప్పుడు కేస్‌షీట్లో 'మందులు సరిగా వాడలేదు' అని ఒక వాక్యం పడుతుంది. ఎందుకు వాడలేదో రాయడానికి ఆ కాగితంలో జాగా ఉండదు.

అయితే ఆ 58 శాతాన్నీ మాత్రల ఖాతాలో వేసేయొచ్చా? చాలామంది తొందరపడేది ఇక్కడే. కుంగుబాటు ఆకలినీ నిద్రనూ తినేసినట్టే కోరికనూ తినేస్తుంది. మ్యాక్స్ హామిల్టన్ 1960లో తయారుచేసిన కుంగుబాటు కొలమానంలో ఒక అంశం దీనికోసమే ఉంది. ఎస్ఎస్ఆర్ఐలు ఇంకా పుట్టని రోజులవి. జ్యూరిక్‌లో ఆంగ్స్‌ట్ 1998లో వెల్లడించిన లెక్కల్లో కుంగుబాటు లేనివారిలో 24 శాతానికి లైంగిక సమస్యలుంటే, కుంగుబాటు ఉన్నవారిలో అవి 50 శాతానికి ఉన్నాయి. స్కిజోఫ్రీనియా సంగతీ ఇంచుమించు ఇదే. ఇజ్రాయెల్‌లో ఐజెన్‌బర్గ్ బృందం 1995లో మందు వాడని మగ రోగుల్నీ, వాడుతున్నవారినీ పక్కపక్కన పెట్టి చూసింది. కోరిక తగ్గడం మందు ముట్టనివారిలో కూడా కనిపించింది. అంగస్తంభన, భావప్రాప్తి ఇబ్బందులు మందు వాడేవారిలో ఎక్కువగా ఉన్నాయి. అంటే ఒక వాటా జబ్బుది, ఒక వాటా మందుది. మూడో వాటా ఊరిది. మైసూరుకు చెందిన సత్యనారాయణరావు బృందం దక్షిణ భారత పల్లె జనంలో చేసి 2015లో అచ్చువేసిన సర్వేలో మగవారిలో 21.15 శాతానికి, ఆడవారిలో 14 శాతానికి ఏదో ఒక లైంగిక సమస్య ఉన్నట్టు తేలింది. వీళ్ళు మానసిక రోగులు కారు, మామూలు ఊరి జనం. చక్కెర జబ్బు, బీపీ మాత్రలు, సారా, చుట్ట ఇవన్నీ ఆ మూడో వాటాలో చేరతాయి. ఈ మూడు వాటాల్నీ ఒకే సంచిలో పోసి, తర్వాత ఏ గింజ ఎవరిదని అడిగితే ఎవరు చెప్పగలరు? కోడూరు, నాగాయలంక వైపు రైతునడిగి చూడండి. వరి ఆకు కొసలు మాడితే అది చౌడు పనా, తెగులా, కాలువ చివరిదాకా నీళ్ళు రాకపోవడమా అన్నది మాడిన ఆకును పట్టుకుని చెప్పడం ఆయనకూ కష్టమే. నాట్లకు ముందు మట్టి పరీక్ష చేయించిన కాగితం ఇంట్లో ఉంటే వెంటనే చెబుతాడు.

మందు మానేశాక కూడా ఈ పాత అంకెతో పనుంది. ఎస్ఎస్ఆర్ఐలు ఆపేసినా కొందరిలో లైంగిక ఇబ్బందులు కొనసాగవచ్చన్న హెచ్చరికను మందుల సమాచార పత్రాల్లో చేర్చాలని ఐరోపా మందుల సంస్థ 2019లో నిర్ణయించింది. అలాంటి మాట చెప్పే రోగి మన దగ్గరికి వస్తే, అది జబ్బు మిగుల్చిన నీడా, మందు మిగుల్చిన జాడా అని వాదించుకోవడమే తప్ప తేల్చే దారి లేదు. ముందు రాసుకున్నది లేకపోతే రోగి మాట ఎప్పుడూ ఓడిపోతుంది.

ఇక కొలిచే సాధనాల సంగతి. ఎక్కువగా వాడేది అరిజోనా స్కేలు, 2000లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఐదే ప్రశ్నలు: కోరిక, ఉద్రేకం, అంగస్తంభన లేదా తడి, భావప్రాప్తికి చేరడం, దాని వల్ల తృప్తి. ఒక్కో ప్రశ్నకు ఒకటి నుంచి ఆరు దాకా మార్కులు. ఎక్కువ వస్తే ఎక్కువ ఇబ్బంది. మొత్తం 19 గాని అంతకు మించిగాని వస్తే, లేదా ఏ ఒక్క ప్రశ్నలోనైనా 5 గాని 6 గాని వస్తే, లేదా మూడు ప్రశ్నల్లో 4 చొప్పున వస్తే సమస్య ఉన్నట్టు. ఇప్పుడు లెక్క చూడండి. మందుకు ముందు ఒక మనిషికి ఐదింటిలోనూ రెండేసి వచ్చాయి, మొత్తం 10. మూడు నెలల తర్వాత అదే మనిషికి రెండింటిలో నాలుగేసి, మూడింటిలో మూడేసి వచ్చాయి, మొత్తం 17. ఇతను 19కి చేరలేదు, 5 ఎక్కడా రాలేదు, నాలుగులు రెండే. మూడు నియమాల్లో ఏదీ ఇతన్ని పట్టుకోదు. స్కేలు ప్రకారం ఇతనికి ఏ సమస్యా లేదు. కానీ అతని మంచం మీద ఏడు మార్కుల తేడా వచ్చిపడింది. రేపు మందు మానేసేది అతనే. రెండో మనిషికి మందుకు ముందే 20, మూడు నెలల తర్వాతా 20. ఒక్క అంకె కదలకపోయినా సర్వేలో సమస్య ఉన్నవాడిగా, మందు వల్ల చెడినవాడిగా లెక్కకొచ్చేది ఇతను. గీత గీసి అటున్నవాళ్ళు రోగులు, ఇటున్నవాళ్ళు బాగున్నవాళ్ళు అనడం జనాభా లెక్కలకు పనికొస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి పనికొచ్చేది గీత కాదు, కదలిక.

ఆ కదలిక బాధో కాదో కూడా మనిషిని బట్టే ఉంటుంది. స్ఖలనం ఆలస్యం కావడం ఒకరికి శిక్ష. శీఘ్రస్ఖలనంతో వచ్చినవాడికి డాక్టర్లు ఆ ఎస్ఎస్ఆర్ఐ జాతి మందునే, ఆ గుణం కోసమే రాస్తారు. అందుకే స్పెయిన్ బృందం తయారుచేసిన ప్రశ్నావళి నాకు ఎక్కువ నచ్చుతుంది. అందులో ఏడు ప్రశ్నలున్నాయి. మందు మొదలయ్యాక మార్పు వచ్చిందా, నువ్వే చెప్పావా అడిగితే చెప్పావా అన్నవి మొదట. ఈ మార్పుతో నీకు ఎంత ఇబ్బంది, మందు మానేద్దామనిపించిందా అన్నది చివర. ఆ చివరి ప్రశ్న ఒక్కటీ మిగతా ఆరింటి బరువు మోస్తుంది.

సాధనాలు సరే, ప్రశ్న ఏ మాటల్లో వేయాలి? ఈ నేల ఈ విషయంలో మాటలకు పేదదని ఎవరైనా అంటే ఒప్పుకోవడం కష్టం. కూచిపూడి పక్కన మొవ్వ ఉంది. పదిహేడో శతాబ్దంలో క్షేత్రయ్య మువ్వగోపాల ముద్రతో రాసిన పదాలు ఆ ఊరి పేరు మోసుకుని దక్షిణాదంతా తిరిగాయి. ఎదురుచూపు, అలక, ఎడబాటు, కలయిక తర్వాతి బడలిక, మనసు విరగడం, ఇన్ని స్థితుల్ని విడదీసి ఒక్కోదానికి ఒక్కో గొంతు ఇచ్చిన భాష మనది. కానీ ఆ భాష సభలో అభినయానికి పరిమితమైపోయింది. ఆసుపత్రి గదిలో మనకు మిగిలినవి మూడు రకాల మాటలు. మొదటివి పాఠ్యపుస్తకపు సంస్కృతం: అంగస్తంభన, భావప్రాప్తి. వారపత్రికలు చదివినవారికి ఇవి తెలుసు, మిగతావారికి తెలియవు. రెండోవి తిట్లు. మూడోవి మర్యాద కోసం పుట్టిన చాటుమాటలు. చాటుమాటలతోనే అసలు చిక్కు. 'మీ దాంపత్య జీవితం ఎలా ఉందండీ?' అని డాక్టరు అడుగుతాడు. 'బాగానే ఉందండి' అని జవాబు వస్తుంది. అబద్ధం చెప్పినట్టు కాదు. ఆయన కొట్టడు, తాగి రాడు, పిల్లల్ని బడికి పంపుతున్నాడు. దాంపత్యమంటే ఆవిడకు అర్థమైంది అది. 'కాపురం చేస్తున్నారా?' అంటే ఒకే ఇంట్లో ఉంటున్నారా అని. 'కోరికలు ఉన్నాయా?' అంటే కూతురి పెళ్ళి కావాలని మొక్కుకున్న మొక్కు గుర్తొస్తుంది. ఈ మధ్య కాలేజీ చదివినవాళ్ళు 'మూడ్' అంటున్నారు. ఆ మాట ఎంత అరువుదైనా పని చేస్తుంది కాబట్టి నేను దానికి అడ్డు చెప్పను. వయసు మళ్ళినవారితో 'దగ్గరవ్వాలని మీకు అనిపించడం' అంటే చాలు, ఎవరూ పొరబడరు. తడి, గట్టిదనం అన్న మాటల్ని అనువాదకులు ఎందుకు తప్పించుకుంటారో నాకు అర్థం కాదు. అంతకంటే శుభ్రమైన తెలుగు మాటలు ఎక్కడ దొరుకుతాయి?

మాటలకంటే కష్టం మెట్లతో. ఆరు మెట్ల స్కేల్లో 'అత్యంత సులభం', 'చాలా సులభం', 'కొంత సులభం' అని వరసగా ఉంటుంది. అత్యంతానికీ చాలాకీ తేడా ఏమిటని అడిగితే అనువాదం చేసినవారే తడబడతారు. మన జనానికి వంతులు చెప్పడం రాక కాదు. నొప్పి ఎంత తగ్గిందంటే 'అర్ధరూపాయి తగ్గిందండి' అంటారు. 'ఇంకా పావలా వంతు ఉంది' అంటారు. పావలా బిళ్ళ 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది గాని పావలా వంతు అన్న మాట ఇంకా చెల్లుతూనే ఉంది. 'జబ్బు చేయకముందు మీకు దగ్గరవ్వాలనిపించడం రూపాయి అనుకుంటే, ఇప్పుడు ఎంత ఉంది?' అని అడిగి చూడండి. రూపాయి, ముప్పావలా, అర్ధరూపాయి, పావలా, ఏమీ లేదు. ఐదు మెట్లు వాటంతటవే వస్తాయి. పైగా ఈ ప్రశ్నలోనే పోలిక ఇమిడి ఉంది. మనిషిని ఊరితో కాకుండా తనతోనే పోలుస్తుంది. ఇది శాస్త్రీయంగా నిగ్గుతేలిన కొలమానమా అంటే, కాదు. వారం తేడాతో రెండుసార్లు అడిగితే ఒకే జవాబు వస్తుందా, అరిజోనా స్కేలుతో పక్కపక్కన పెడితే పొంతన కుదురుతుందా, ఇద్దరు వేర్వేరు డాక్టర్లు అడిగినా మారకుండా ఉంటుందా అన్నవి తేల్చాలి. తేల్చడం ఒక ఎండీ విద్యార్థి థీసిస్‌కు సరిపోయేంత పని, అంతకు మించి కాదు.

కాలం సంగతి కూడా ఉంది. పురుషుల కోసం 1997లో వచ్చిన ఐఐఈఎఫ్, స్త్రీల కోసం 2000లో వచ్చిన ఎఫ్ఎస్ఎఫ్ఐ అనే ప్రశ్నావళులు రెండూ గడిచిన నాలుగు వారాల గురించి అడుగుతాయి. ఆ నాలుగు వారాల్లో కలయిక లేకపోతే చాలా ప్రశ్నలకు సున్నా పడుతుంది, సున్నా అంటే అధ్వాన్నం అని లెక్కలోకి పోతుంది. ఈ నాలుగు వారాల కిటికీని మన పంచాంగం పక్కన పెట్టి చూడండి. గిలకలదిండి రేవు నుంచి మరబోటు మీద వేటకెళ్ళే మనిషి రోజుల తరబడి సముద్రం మీదే ఉంటాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో ఇంటిపట్టునే ఉంటాడు. అదే మనిషి, అదే మాత్ర. మేలో కొలిస్తే ఒక అంకె, సెప్టెంబరులో కొలిస్తే మరో అంకె. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నవాడికి 41 రోజుల బ్రహ్మచర్యం. అతనికి సున్నా వచ్చిందంటే అది భక్తి, రోగం కాదు. కొత్త కోడలు ఆషాఢంలో పుట్టింటికెళుతుంది. పిల్లల చదువుకని గుడివాడలో అద్దెకు తీసుకున్న రెండు గదుల ఇంట్లో ఏకాంతం అన్నదే వేరే లెక్క. అరిజోనా స్కేలుకు ఇక్కడ ఒక మేలు గుణముంది: తోడు ఉన్నా లేకున్నా జవాబు చెప్పేలా దాన్ని తయారుచేశారు. వితంతువుకూ, పెళ్ళికాని కుర్రాడికీ, స్వలింగ ప్రేమికులకూ వాడొచ్చు. మనవాళ్ళు సాధారణంగా పెళ్ళయినవాళ్ళనే అధ్యయనాల్లోకి తీసుకుంటారు. మిగతావారికి ఒళ్ళు లేనట్టు!

ఆడవారి విషయంలో కొలవకపోవడం వల్ల జరిగే నష్టం ఇంకా లోతుగా ఉంటుంది. మెదడులో డోపమిన్ అనే రసాయనం పిట్యూటరీ గ్రంథిని అదుపులో పెట్టి ప్రొలాక్టిన్ ఎక్కువ కాకుండా చూస్తుంది. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ వంటి మందులు డోపమిన్ దారిని మూసేస్తాయి, ప్రొలాక్టిన్ పెరుగుతుంది. కోరిక తగ్గుతుంది, నెలసరి ఆగిపోతుంది, బిడ్డ లేకుండానే పాలు రావచ్చు. దీన్ని ముందు చెప్పకుండా, ముందు నెలసరి ఎలా ఉందో రాసుకోకుండా మాత్ర ఇచ్చి పంపారనుకుందాం. పెళ్ళికాని పిల్లకు మూడు నెలలు నెల తప్పితే ఊళ్ళో ఏమనుకుంటారో ఈ సభలో నేను విడమరచి చెప్పనక్కర్లేదు. భర్త పోయినావిడకు రవిక తడిస్తే ఆవిడ ఎవరితో చెప్పుకుంటుంది? అరిపిప్రజోల్ వంటి మందుకు మారిస్తే చాలామందిలో ప్రొలాక్టిన్ దిగుతుంది, రక్తపరీక్షతో తెలిసిపోతుంది. చేయగలిగింది ఉన్నచోట అడగకపోవడాన్ని బిడియం అని సరిపెట్టలేం.

'మన సంస్కృతిలో ఇవన్నీ అడగరండీ' అన్న అభ్యంతరానికి జవాబు కూడా ఇక్కడి నుంచే మొదలుపెడతాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయి సంసారంలో ఉన్న ఆడవారిలో దాదాపు 70 శాతం కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకున్నవారే. ఆ అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఏఎన్ఎంలు గడపగడపకూ వెళ్ళి చివరి నెలసరి ఎప్పుడు, ఏ పద్ధతి వాడుతున్నారు, ఆపరేషను ఎప్పుడు అని అడిగి రాసుకున్నారు. సర్కారుకు కావలసినప్పుడు సంస్కృతి అడ్డురాలేదు. ఇక జనం నోరు విప్పరన్నదీ నిజం కాదు. నాస్తికవాది గోరా బందరు హిందూ కళాశాలలో పాఠం చెప్పినవాడు. ఆయన కొడుకు డాక్టర్ సమరం విజయవాడలో కూర్చుని దశాబ్దాల తరబడి తెలుగు పత్రికల్లో ఈ విషయాల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాశారు. పేరు చెప్పక్కర్లేదు, ఎదుటివాడి ముఖం చూడక్కర్లేదు అనగానే తెలుగువాళ్ళు ఎంత వివరంగా అడిగారో ఆ శీర్షికలు చదివినవారందరికీ తెలుసు. ఇంకో సాక్ష్యం బస్టాండు గోడల మీద ఉంది. నరాల బలహీనత, హస్తప్రయోగం, స్వప్నస్ఖలనం అంటూ రంగు అక్షరాలు, కింద ఏ లాడ్జిలో ఏ తేదీన దొరుకుతారో. లైంగిక సామర్థ్యం పెంచుతామనే ప్రకటనల్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. గోడలకు ఆ కబురు అందలేదు. ధాతు నష్టమన్న భయాన్ని ఎన్.ఎన్. విగ్ 1960లోనే వైద్య పత్రికలకెక్కించారు. గోడల మీద అమ్ముడుపోతున్నది ఆ భయమే. ఆ లాడ్జి గదిలో కొలిచేదేమీ ఉండదు గాని అడగడం మాత్రం అడుగుతారు. రోగి అక్కడికెళ్ళి డబ్బు పోగొట్టుకుంటున్నాడంటే, ఆ ప్రశ్న తనను అడిగేవాడు మరెక్కడా దొరకలేదని అర్థం.

దీనికంటే బలమైన అభ్యంతరం ఒకటుంది. అడిగితే లేని సమస్య పుట్టుకొస్తుందని. ఇది కొట్టిపారేయదగింది కాదు. ఇటలీలో మొందైని బృందం 2007లో ప్రొస్టేట్ రోగులకు ఫినాస్టెరైడ్ ఇస్తూ కొందరికి లైంగిక దుష్ఫలితాల గురించి చెప్పింది, కొందరికి చెప్పలేదు. చెప్పినవారిలో 43.6 శాతం, చెప్పనివారిలో 15.3 శాతం లైంగిక ఇబ్బందులు వచ్చాయన్నారు. మందు అదే. మాట ఇంత పని చేస్తుంది. అయితే ఈ ఫలితం నా వాదానికి అడ్డా, ఆసరా అని ఆలోచిస్తే, ఆసరా అనే నాకనిపిస్తుంది. భయపెట్టి పంపి, తర్వాత అడగడం వల్ల వచ్చిన చిక్కు ఇది. మాత్ర పేరెత్తకముందే నిద్ర, ఆకలి, పని, బరువు వరసలో దీన్నీ ఒకటిగా అడిగి రాసేస్తే, తర్వాత పుట్టింది భయమా మందా అని చూడటానికి ఓ దారి ఉంటుంది. అడిగే తీరు కూడా ముఖ్యం. అమెరికన్ల లైంగిక ప్రవర్తన మీద 1948లో, 1953లో వచ్చిన కిన్సీ నివేదికల వెనక ఒక మెళకువ ఉంది: 'ఎప్పుడైనా చేశారా' అని అడక్కుండా 'ఎప్పుడు మొదలుపెట్టారు' అని అడగడం, లేదనే భారం జవాబు చెప్పేవాడి మీద పెట్టడం. చేసిన పనుల గురించి తెలుసుకోవడానికి అది గొప్ప ఎత్తుగడే. లోపాల గురించి అడిగేటప్పుడు మాత్రం అది ప్రమాదం. ఇక్కడ 'ఎప్పటి నుంచి తగ్గింది' అనకూడదు, 'ఎంత ఉంది' అనాలి.

జబ్బు తగ్గాక చూద్దాం, ముందు ప్రాణం ముఖ్యం అంటారు కొందరు. నలుగురు పట్టుకుని ఆటోలో తెచ్చిన మనిషిని, చచ్చిపోతానంటున్న మనిషిని ఆ క్షణాన ఇది అడగమని ఎవరూ అనరు. రెండు మూడు వారాలకు తేరుకున్నాక రూపాయి ప్రశ్న వేయొచ్చు. పక్కన 'తర్వాత గుర్తుచేసుకుని చెప్పినది' అని రాసుకుంటే చాలు. ఇక వేళ లేదన్న మాట: ఐదు ప్రశ్నలకు పట్టేది కొద్ది నిమిషాలు. మళ్ళీ తిరగబెట్టిన జబ్బుకు ఎన్ని రోజులు పడుతుందో వార్డులో పనిచేసేవారికే తెలుసు.

కాగితం భయం మాత్రం నన్ను ఆలోచింపజేస్తుంది. హిందూ వివాహ చట్టంలో నపుంసకత్వం పెళ్ళిని రద్దు చేయించే కారణం. మానసిక వ్యాధి విడాకులకు కారణం. ఒకే కేస్‌షీట్లో ఈ రెండూ ఉంటే, అది ఎవరి చేతిలో పడితే ఏమవుతుందో అన్న భయం ఉత్తిది కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షను రోగి సమాచారానికి గోప్యత హక్కు ఇచ్చింది. చట్టం ఇచ్చింది సరే, కానీ నాగాయలంక నుంచి బస్సెక్కి వచ్చిన రోగి వెంట అన్నో, బావో, మేనమామో ఉంటాడు. ఫైలు ఆయన చంకలోనే ఉంటుంది. అందుకని రోగి చేతికిచ్చే చీటీ మీద ఈ అంకె రాయకూడదు. ఆసుపత్రి దగ్గరుండే ప్రతిలోనే ఉండాలి, అదీ మందు వల్ల కావచ్చు, జబ్బు వల్ల కావచ్చు, తేలలేదు అన్న మాటతో కలిపి. లోపం అని ఒంటరిగా రాసిన మాట కోర్టులో ఒకలా చదువుతారు; ముందు 10, ఆరు వారాలకు 17, మందు తగ్గించాక 12 అని రాసి ఉంటే అది మందు కథ అని ఎవరికైనా అర్థమవుతుంది. కాబట్టి పూర్తిగా రాయడమే రోగికి రక్ష.

2015–16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మనకు జబ్బుల లెక్కే సొంతది లేనప్పుడు, జబ్బులో ఒక మూలనున్న ఈ సంగతికి లెక్క దొరుకుతుందనుకోవడం అత్యాశే. కానీ బందరులో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఇక్కడా, గుడివాడలో, అవనిగడ్డలో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. కొత్తగా మందు మొదలుపెట్టే ప్రతి మానసిక రోగిని మొదటి రోజు, ఆరు వారాలకు, మూడు నెలలకు ఒకే ఐదు ప్రశ్నలు, వాటితోపాటు రూపాయి ప్రశ్న అడిగి, నెలసరి తేదీ, చక్కెర, వేట కాలమా మాల కాలమా అన్నవి పక్కన రాసుకుంటే ఏడాది తిరిగేసరికి కృష్ణా జిల్లాకు తన సొంత అంకె ఉంటుంది. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త గది అక్కర్లేదు. వెంట వచ్చినవాళ్ళను బయటికి వెళ్ళమనడమే ఇబ్బంది అని వైద్యులు అంటుంటారు, నిజమే. బరువు తూచే యంత్రం సాధారణంగా గదిలో ఓ మూల, తెర వెనక ఉంటుంది. రోగిని చెప్పులు విప్పి దాని మీద నిలబడమన్నప్పుడు బావగారు బెంచీ మీదే కూర్చుంటారు. అంకె కుదురుకునే లోపు, గొంతు తగ్గించి, మొదటి ప్రశ్న అక్కడ అడగవచ్చు.